సాక్షి దిమ్మ

ఆఫీసులో ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఆవాలు అంటారు. కాస్త వేడి తగిలితే చాలు చిటపటలాడుతుందని ఎవడో పెట్టిన పేరు అది. పెట్టినవాడు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు, పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఆమెకూ అలవాటైపోయింది, ఫోన్లో ఎవరైనా "ఆవాలు గారూ" అంటే "చెప్పండి" అంటుంది. అయితే ఆవాలు వాటంతటవే చిటపటలాడవు, కింద మంట ఉండాలి. ఆ మంట ఎవరు పెడుతున్నారని ఈ పద్నాలుగేళ్ళలో అడిగిన పుణ్యాత్ముడు ఆ ఆఫీసులో ఒక్కడూ లేడు.

ఆమె పని కంప్యూటర్ ఆటల్లో సైన్యాలను తయారుచేయడం. వాళ్ళ కంపెనీకి బాగా పేరు తెచ్చిన ఆట ఒకటుంది. అందులో పాతకాలపు రాజ్యాలు పంతొమ్మిది. ఆడేవాడు ఒక రాజ్యాన్ని ఎంచుకుని ఊళ్ళు కడతాడు, పొలాలు వేస్తాడు, కడుపు నిండాక పక్కవాడి మీదికి యుద్ధానికి పోతాడు. మామూలు కత్తివాళ్ళూ విలుకాళ్ళూ అందరికీ ఉంటారు. వాళ్ళు కాక ఒక్కొక్క రాజ్యానికి రెండు ప్రత్యేక దళాలు ఉంటాయి, అవి ఇంకే రాజ్యానికీ ఉండవు. ఒకరికి మంచు మీద పరుగెత్తే గుర్రాలు, ఇంకొకరికి కోటగోడలు ఎక్కే నిచ్చెనలవాళ్ళు. ఆ రెండు దళాలను చూసే ఆడేవాడు ఫలానావాళ్ళు ఇలాంటి మనుషులు అని మనసులో రాసుకుంటాడు. చరిత్ర పుస్తకం మొహం చూడని వాళ్ళకి కూడా ఈ ఆట తెలుసు.

ఆ పంతొమ్మిదింటిలో ఒకటి ఆవాలు పుట్టిన నేలది. పదేళ్ళ కిందట మొదటి ఆట వచ్చినప్పుడు ఆ రాజ్యాన్ని ఎవడో భోజనానికీ టీకీ మధ్య తోచినట్టు గీసి పారేశాడు. మొదటి దళం బల్లెంగాళ్ళు, ఒంటి మీద సరైన గుడ్డ లేదు, నోరు తెరిస్తే అరుపు తప్ప మాట రాదు. రెండో దళం పేరు కూలిమంద. చేతుల్లో పారలు, గునపాలు, తట్టలు. చాలా చవక, ఒక్క దెబ్బకి ఇరవైమందిని దించవచ్చు. ముందు వరుసలో నిలబెట్టి చంపించడానికి తప్ప ఎందుకూ పనికిరారు. వాళ్ళ ప్రత్యేకత ఏమిటంటే, ఒకడు చచ్చినప్పుడల్లా పక్కవాడి వేగం కాస్త పెరుగుతుంది. ఆ సమయానికి ఢమ్మని ఒక డోలు కూడా మోగుతుంది, హుషారు కోసం.

ఆవాలు తల్లి మట్టిపనిలో చచ్చిపోయింది. కాలువ తవ్వుతుంటే వానకి నానిన గట్టు విరిగి మీద పడింది. ఆవాలుకి అప్పుడు ఆరేళ్ళు, పైన గడ్డిలో కూర్చుని గులకరాళ్ళు ఏరుకుంటోంది. తండ్రి అంతకుముందే ఎటో పోయాడు, ఎటు పోయాడని ఎవరూ వెతకలేదు కూడా. పెంచింది మేనత్త. ఆమెదీ అదే ముఠా, ఆడవాళ్ళందరికీ ఆమే పెద్ద. నలభై ఏళ్ళు తట్ట మోసింది, మోసిన తట్టలతోనే మేనకోడల్ని చదివించింది. ఇప్పుడు ఇద్దరూ మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉంటారు. అత్త లిఫ్టు ఎక్కదు. "నన్ను పెట్టెలో పెట్టే రోజు ఎలాగూ వస్తుంది, ఇప్పటినుంచే అలవాటు చేయకు" అంటుంది, అరవై మెట్లూ ఎక్కి వచ్చి ఆయాసం కూడా పడదు.

అలాంటి ఇంట్లోంచి వచ్చిన మనిషి పదేళ్ళపాటు రోజూ ఆ డోలు చప్పుడు విన్నది. ఒళ్ళు మండదా?

రెండో ఆట మొదలుపెట్టినప్పుడు డైరెక్టర్ ఆమెను గదిలోకి పిలిచాడు. ఆయనకి యాభై దాటాయి, పరుగు పందెం బూట్లు వేసుకుని కుర్చీలో కూర్చుంటాడు, చేతిలో ఎప్పుడూ ఒక రబ్బరు బంతి నొక్కుతుంటాడు.

"మన రాజ్యాన్ని ఎవరూ ఎంచుకోవడం లేదండి" అన్నాడు. "పంతొమ్మిదింటిలో పంతొమ్మిదోది. బలం చాలదంటున్నారు. రెండు ప్రత్యేక దళాలూ మార్చి కొత్తగా తయారుచేయండి. మీకు ఆరు వారాలు."

"బలం చాలదనా మారుస్తున్నది? సిగ్గుగా ఉందని కాదా?"

"సిగ్గెందుకండీ, ఆటే కదా."

ఆటే కదా అన్నమాట ఆమె పద్నాలుగేళ్ళుగా వింటోంది. గెలిచినవాడికి ఆటే, కిందపడ్డవాడికి మాత్రం అది మొహం మీద ముద్ర. అయినా ఆ రోజు నోరు మూసుకుంది. ఎలాగోలా పని తన చేతికొచ్చింది, అది చాలు అనుకుంది.

బల్లెంగాళ్ళని రెండు రోజుల్లో తీసేసి, వాళ్ళ చోట తూముల దగ్గర నీళ్ళు వదిలేవాళ్ళని పెట్టింది. మిగతా వారాలన్నీ రెండో దళానికే ధారపోసింది. మంద అనే మాట మొదటి రోజే కొట్టేసి మట్టి ముఠా అని రాసింది. ఎనిమిదిమంది, నలుగురు తవ్వేవాళ్ళు, నలుగురు మోసేవాళ్ళు. వాళ్ళు కందకం తవ్వితే శత్రువు గుర్రాలు దాటలేవు. తవ్విన మట్టి గట్టుగా పోస్తే విలుకాళ్ళు దాని మీద నిలబడతారు. దళం ఎలా ఉండాలో చెబుతూ తాను రాస్తున్న పత్రంలో, పదిహేడో పేజీలో ఇంకొకటి రాసింది. ముఠాలో ఒకరు చచ్చిపోతే మిగతావాళ్ళు పారలు కింద పెట్టేస్తారు, కాసేపు ఎవరు చెప్పినా కదలరు. అమ్మ పోయినప్పుడు ముఠా మూడు రోజులు పార ముట్టలేదు. ఎవరూ ఆపమని చెప్పలేదు, చేతులే ఆగిపోయాయి.

డైరెక్టర్ పదిహేడో పేజీని ఎర్రగీతతో కొట్టేశాడు. "ఇది బలహీనత కదండీ, ప్రత్యేకత ఎలా అవుతుంది? పాతదే ఉంచుదాం. ఆ డోలు ఆడేవాళ్ళకి బాగా అలవాటైపోయింది." ఆమె అరిచింది. ఆయన బంతి నొక్కుకుంటూ విన్నాడు. డోలు ఉండిపోయింది.

కదలికలు తీసుకునే రోజు వచ్చింది. ఒంటి నిండా బుడిపెలున్న బిగుతు దుస్తులు వేసుకుని మనిషి నడిస్తే, ఆ నడక కంప్యూటర్‌లో బొమ్మకి వస్తుంది. కంపెనీ ఒక వ్యాయామశాల కుర్రాణ్ణి తెచ్చింది. వాడు తట్టని బరువులెత్తే పోటీలో ఎత్తినట్టు ఎత్తాడు. ఆవాలు పది నిమిషాలు చూసి, కారు పిలిపించి, అత్తను తీసుకొచ్చింది.

"ఈ బుడిపెల చొక్కా ఏంటే" అంది అత్త అద్దంలో చూసుకుని. "ఒళ్ళంతా ఆటలమ్మ పోసినట్టుంది."

"వేసుకో అత్తా. నీ నడక కావాలి."

"నడక ఇస్తాను సరే. మట్టి ఏది?"

మట్టి అక్కర్లేదు, ఖాళీ తట్ట చాలు, బరువు తర్వాత బొమ్మలో కలుపుతాం అని కెమెరావాడు చెప్పాడు. అత్త వాణ్ణి కిందినుంచి పైదాకా చూసింది. "ఖాళీ తట్ట మోస్తే ఖాళీ నడకే వస్తుంది నాయనా. నింపు." వాళ్ళు నీళ్ళ సీసాలూ పాత కేబుళ్ళూ తెచ్చి నింపారు. అత్త తలమీద చుట్టకుదురు సర్దుకుని, పక్కనున్న వ్యాయామశాల కుర్రాణ్ణి రమ్మని, ఇద్దరూ చెరో అంచూ పట్టి ఎలా ఎత్తాలో చూపించింది. ముందు మోకాలు, తర్వాత రొమ్ము, తర్వాత తల. ఒక్కరే ఎత్తుకుంటే నడుం విరుగుతుంది, ఎత్తేది ఎప్పుడూ ఇద్దరే. గదిలో అందరూ గుడ్లప్పగించి చూశారు. ఆ ఒక్క మధ్యాహ్నం ఆవాలు ఎవరి మీదా చిటపటలాడలేదు.

ఇక అసలు గొడవ. మట్టిపనివాళ్ళు గొయ్యి మొత్తం తవ్వరు. మధ్యలో ఒక మనిషి నిలబడేంత చోటు తవ్వకుండా దిమ్మలా వదిలేస్తారు. దాని నెత్తిన పాత గడ్డి అలాగే ఉంటుంది. నేల మొదట ఎంత ఎత్తున ఉండేదో, తాము ఎంత లోతుకు తవ్వారో చెప్పే సాక్ష్యం అదొక్కటే. కూలి లెక్క ఆ లోతును బట్టే, అందుకే కొలత వేసేవాడు వచ్చి టేపు పెట్టేదాకా దాన్ని ఎవరూ ముట్టరు. సాక్షి దిమ్మ అంటారు.

ఆటలో ఆవాలు దాన్ని పెట్టింది. దిమ్మ ఎవరిదైతే కందకం వాళ్ళది. శత్రువు కందకాన్ని పూడ్చాలంటే ముందు దిమ్మ దాకా వచ్చి దాన్ని పడగొట్టాలి. ఒకరోజు టీ తాగుతూ ప్రోగ్రామర్‌కి ఈ సంగతి చెబితే అతనికి తెగ నచ్చి, ఆ సాయంత్రమే కోడ్ రాసేశాడు. తర్వాతి వారం బైక్ మీదినుంచి పడి కాలు విరగ్గొట్టుకుని ఇంట్లో మంచమెక్కాడు.

శుక్రవారం ఆటని పైవాళ్ళకి, అంటే డబ్బు పెట్టే పెద్ద కంపెనీవాళ్ళకి చూపించాలి. బుధవారం పొద్దున ఆవాలు ఆటని తెరిచి మట్టి ముఠాని దించింది. ముఠా తవ్వింది. గొయ్యి నున్నగా, ఈ చివర్నుంచి ఆ చివరికి ఖాళీగా ఉంది. దిమ్మ లేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆటలో తప్పులు పట్టే టెస్టర్ దగ్గరికి ఒక్క అంగలో వెళ్ళింది.

"దిమ్మ ఎవరు తీశారు?"

"అది బగ్ కదక్కా. తవ్వకం పూర్తి కావట్లేదు, మధ్యలో ఒక గడి మిగిలిపోతోంది అని నేనే రాశాను. పక్కగది ప్రోగ్రామర్లు సరిచేశారు. డైరెక్టర్ సార్ సంతకం కూడా ఉంది."

"మిగిలిపోవడమేంటి, అది వదిలింది. అది ఉండాలి. కళ్ళు నెత్తికెక్కాయా నీకు?"

టెస్టర్ మొహం చిన్నబోయింది. మంచివాడే, పనిలో పొరపాటు చేసేవాడు కాడు. "నలభై రెండు పేజీలూ రెండుసార్లు చదివాను అక్కా" అన్నాడు మెల్లగా. "దిమ్మ అనే మాట ఎక్కడా లేదు."

ఆమె వెతికింది. మొదటి పేజీ నుంచి చివరిదాకా వెతికింది. పార పొడవు ఉంది, తట్ట వెడల్పు ఉంది, చుట్టకుదురుకి ఏ రంగు గుడ్డ వాడాలో కూడా ఉంది. దిమ్మ లేదు. గొయ్యి అని రాస్తే దిమ్మ అందులోనే ఉంటుందని ఆమె చేతికి తెలుసు, అందుకే చెయ్యి రాయలేదు. మనిషి బొమ్మ గీయమన్నప్పుడు ముక్కు కూడా గీయండి అని ఎవరు రాస్తారు?

డైరెక్టర్ గదికి వెళ్ళింది. వెళ్ళేలోపే ఇంకొకటి కూడా చూసింది. కోడ్‌లో కందకం ఎవరిదన్నది దిమ్మను బట్టి ఉంది. దిమ్మ పోయాక అది ఎవరిదీ కాదు. ఎవరిదీ కాని గుంటని ఆట మామూలు పల్లంగా లెక్కేస్తుంది. పల్లంలోంచి గుర్రాలు హాయిగా వస్తాయి.

"కందకం పనిచేయదు సార్. దిమ్మ తిరిగి పెట్టించండి, గంట పని."

"శుక్రవారం దాకా ఎవరూ ఏదీ ముట్టుకోకూడదండి. పైగా దిమ్మ లేకపోతేనే చూడ్డానికి నీట్‌గా ఉంది. వచ్చేవాళ్ళు అంత లోతుగా చూడరు."

"గుర్రాలు చూస్తాయి సార్."

"మీరు కాస్త చల్లబడండి" అన్నాడాయన. ఆ మాట అన్నవాడెవడూ మంట తగ్గించడం ఆమె ఇంతవరకూ చూడలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పుల్ని విసిరేసింది. అత్త ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆవాలు జరిగిందంతా ఏకరువు పెట్టింది, డైరెక్టర్‌ని తిట్టింది, టెస్టర్‌ని తిట్టింది, పక్కగదిని మొత్తంగా తిట్టింది. అత్త అంతా విని, చివరి చీర మడత వేసి ఒకే ప్రశ్న అడిగింది.

"రాసిచ్చావా?"

"ఏది?"

"దిమ్మ సంగతి. రాసిచ్చావా?"

"లేదు."

"మరి ఎవరి మీదే ఈ అరుపులు?"

ఆవాలు కోపం పోలేదు, పోయేదానికి చోటు లేక వెనక్కి తిరిగి తన మీదే పడింది. అది ఇంకా మండింది.

అప్పుడు అత్త ఎన్నడూ చెప్పని సంగతి చెప్పింది. అమ్మ పోయిన తర్వాతి ఏడు. పెద్ద తవ్వకం, ఇరవై రోజుల పని, పన్నెండు దిమ్మలు. కొలతకి ముందురోజు ముఠా అంతా సంతకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఒక్క దిమ్మ లేదు. ఓవర్సీరు గట్టు మీద నిలబడి, ఇక్కడ ముందునుంచీ పల్లమే ఉంది, మీరు తవ్వింది మోకాలు లోతే అన్నాడు.

"ఏం చేశారు?"

"ఏం చేస్తాం. అరిచాం. నీకంటే గట్టిగా అరిచాను. కాగితం మీద పల్లం అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఇరవై రోజుల పని మోకాలు లోతైపోయింది." అత్త గొంతు పెరగలేదు. చేతిలో చీర మడత మాత్రం నలిగిపోయింది. "ఆ తర్వాత ఒక్క దిమ్మనీ ఒంటరిగా వదల్లేదు. పక్కన ఎవరో ఒకరు కూర్చునేవాళ్ళు. ముసలిదో, బాలింతో. పని చేయక్కర్లేదు, లేవకుండా ఉంటే చాలు."

ఆవాలు కంప్యూటర్ తెరిచింది. నలభై మూడో పేజీ రాసింది. దిమ్మ అంటే ఏమిటి, ఎందుకు వదులుతారు, ఎంత ఎత్తు, నెత్తిన గడ్డి ఎందుకుండాలి, అది లేకపోతే ఆటలో ఏం జరుగుతుంది, అంతా. గురువారం పొద్దున డైరెక్టర్‌కి పంపింది. నిమిషంలో జవాబుగా ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది. నిమిషంలో ఆ పేజీ ఎవరూ చదవలేరు.

శుక్రవారం ముగ్గురు వచ్చారు. వాళ్ళలో నెరిసిన జుట్టు పెద్దావిడదే చివరిమాట అని అందరికీ తెలుసు. ఆవాలు నోటి మీద నమ్మకం లేక డైరెక్టర్ తానే ఆడతానన్నాడు. "మీరు పక్కన కూర్చుంటే చాలండీ" అన్నాడు. ఆమె కూర్చుంది. తెరుచుకున్న నోరు ఒకసారి మూసుకుంది కూడా. చెప్పాల్సింది నోటితో ఒకసారి, కాగితం మీద ఒకసారి చెప్పేసింది, మూడోసారి చెప్పడానికి ఆయనేం పసిపిల్లాడు కాదు.

డైరెక్టర్ ఊరు కట్టాడు. మట్టి ముఠాని దించాడు. అత్త నడక గోడంత తెర మీద నడిచింది, తట్ట మోకాలికి, రొమ్ముకి, తలకి వెళ్ళింది. పెద్దావిడ ముందుకు వంగి, "ఈ నడక ఎవరిది? చాలా బాగుంది" అంది. డైరెక్టర్ "మా టీమ్‌దండి" అని ఊరు చుట్టూ కందకం తవ్వించాడు. నున్నటి కందకం. శత్రువు గుర్రాలు కొండ దిగాయి, కందకం దగ్గరికొచ్చాయి, దిగాయి, ఎక్కాయి. తెర మూలన చిన్న అక్షరాలు వచ్చాయి. పల్లం. ఎవరిదీ కాదు.

గుర్రాలు ముఠా మీదినుంచి పోయాయి. ఢమ్మని డోలు మోగింది. మళ్ళీ మోగింది. పడ్డవాళ్ళ పక్కనున్నవాళ్ళు చకచకా తవ్వడం మొదలుపెట్టారు.

"కందకం ఉంది కదా, గుర్రాలు ఎలా వచ్చాయి?" అంది పెద్దావిడ. ఆవిడ వేలు ముఠా వైపు తిరిగింది. "వీళ్ళెందుకు వేగంగా తవ్వుతున్నారు?"

"పక్కవాళ్ళు చనిపోతే వేగం పెరుగుతుందండి. అదే ఈ దళం ప్రత్యేకత."

డోలు మోగుతూనే ఉంది.

ఆవాలు లేచి నిలబడింది. అరుస్తుందని డైరెక్టర్ భుజాలు ముడుచుకున్నాడు. ఆమె అరవలేదు.

"మా అమ్మ గట్టు విరిగి చచ్చిపోయింది" అంది. "పక్కన పనిచేసేది మా అత్త. ఇందాక మీరు బాగుందన్న నడక ఆమెదే. ఆ రోజు ఎవరి వేగమూ పెరగలేదు. మూడు రోజులు ఎవరూ పార పట్టుకోలేదు. నేను అదే రాశాను, పదిహేడో పేజీ. కొట్టేశారు. గుర్రాలు ఎందుకొచ్చాయో నలభై మూడో పేజీలో ఉంది. అది చదవలేదు."

పెద్దావిడ ఆ రెండు పేజీలూ తెప్పించుకుని అక్కడే చదివింది. నిదానంగా, మధ్యలో తల ఎత్తకుండా చదివింది. తర్వాత దిమ్మ పెట్టడానికి ఎంత సేపు పడుతుందని అడిగింది.

"గంట. కానీ డోలు తీసేస్తేనే పెడతాను."

"రెండూ చేయండి" అంది పెద్దావిడ.

నెల తిరక్కుండా డైరెక్టర్ ఏదో సభలో సాక్షి దిమ్మ తమ టీమ్ చేసిన గొప్ప పరిశోధన అని ఉపన్యాసం ఇచ్చాడట. ఆయన్ని దులిపేయడానికి ఆవాలుకి అప్పుడు తీరిక లేదు. ఆదివారం ఆటని ఇంటికి తెచ్చి అత్తకి చూపించింది. అత్త కళ్ళజోడు పెట్టుకుని తెరకి బాగా దగ్గరగా కూర్చుంది. ముఠా తవ్వింది, మోసింది, గట్టు పోసింది. మధ్యలో దిమ్మ నిలిచింది, నెత్తిన గడ్డితో సహా. ఒక బాణం తగిలి ఒకామె పడిపోతే మిగతా ఏడుగురూ పారలూ తట్టలూ కింద పెట్టేశారు. అత్త వేలితో దిమ్మని చూపించింది.

"దీని పక్కన ఎవరే?"

"ఎవరూ లేరు అత్తా. ఆట కదా."

నోట్లోంచి వచ్చాక గానీ ఆ మాట ఎవరిదో ఆమెకి తెలియలేదు. అత్త కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. "దొంగలు లేని ఆటా అది?" అంది.

సోమవారం ఆవాలు నలభై నాలుగో పేజీ రాసింది. కాలు కట్టుతోనే ఆఫీసుకి వచ్చిన ప్రోగ్రామర్ రెండు రోజుల్లో కోడ్ రాశాడు. అత్త మళ్ళీ బుడిపెల చొక్కా వేసుకుని, ఈసారి ఏ బరువూ లేకుండా, స్టూడియో నేల మీద అరగంట ఊరికే కూర్చుని వచ్చింది.

గురువారానికి టెస్టర్ నుంచి బగ్ రానే వచ్చింది. "దిమ్మ పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంటోంది. పని చేయదు, యుద్ధం చేయదు. ఎన్నిసార్లు క్లిక్ చేసినా లేవదు. ఆటగాడి ఆజ్ఞ వినడం లేదు."

ఆవాలు దాని కింద జవాబు రాసింది. "నలభై నాలుగో పేజీ చూడు. వినదు."